పెంచలమ్మ గుంటలో ఆరు గేర్లు

అక్టోబర్ 24, శుక్రవారం

జయరామయ్య గారి రొయ్యల గుంటల నుంచి ఒక గేరు వెనక్కి వచ్చింది. సగం పళ్ళు ఊడిపోయి ఉంది. తెచ్చిన మనిషి దాన్ని కవర్లోంచి తీసి కౌంటర్ మీద పెట్టి, "మీ ప్రింటు సరుకు ఇట్టా అయింది మేడం, అయ్య చూపించమన్నాడు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆయిల్ చూసుకోరు. రెక్కలతో గుంట నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ అంటే వీళ్ళకి ఇంట్లో సీలింగ్ ఫ్యానుతో సమానం, స్విచ్ వేస్తే తిరగాలి, అంతే. గేరుపెట్టెలో ఆయిల్ బొట్టు లేకుండా రోజంతా తిప్పితే నైలాన్ గేరేంటి, ఇనుప గేరైనా అరిగిపోతుంది. అదే మాట చెప్పి ఇంకోటి ఇచ్చి పంపాను. డబ్బులు తీసుకోలేదు. పెద్ద కస్టమర్ కదా.

ఆ పాత మోడల్ ఏరేటర్లకి గేర్లు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. చెన్నైలో ఎక్కడైనా పాత స్టాకు దొరికితే అదృష్టం. నాయుడుపేట ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నేను పని చేసినన్నాళ్ళూ ఒకటే పాట, అచ్చు కావాలి, అచ్చుకు లక్షలు, లక్షలు రావాలంటే వేల ముక్కలు అమ్మాలి. మా కోట ఊరి చుట్టుపక్కల రైతుకి వేల ముక్కలు ఎందుకు, ఒక్కటి కావాలి, అదీ ఈరోజే కావాలి. నా మిషన్లకి అచ్చుతో పని లేదు. కంప్యూటర్లో బొమ్మ గీస్తే నైలాన్ తీగని కరిగించి పొర మీద పొర వేసుకుంటూ పొద్దుకల్లా గేరు చేసి పెడతాయి. నాలుగు మిషన్లు పెట్టినప్పుడు మా ఆయన మధుకి కూడా నమ్మకం లేదు. ఇప్పుడు ఆయన మేత అమ్మడానికి ఏ గుంట మీదికి వెళ్ళినా "ఏంజెలిన్ మేడం భర్త" అంటారు. పైకి విసుక్కుంటాడు కానీ లోపల సంతోషమే.

ఒక్క గేరు పోతే పోయింది.

అక్టోబర్ 26, ఆదివారం

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి నుంచి వస్తుంటే పెంచలమ్మక్క ఫోన్. ఊరికే చేసిందట. "ఏంజెలమ్మా, రొయ్య కిలోకి యాభై కౌంటుకి వచ్చినాది. ఇంకో మూడు వారాలు నిలబడితే నలభైకి వస్తాది, పట్టుబడి చేసి అమ్మేస్తా. నీ గేర్లు భలే తిరగతా ఉండాయి" అంది. ఆమె గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు.

రెండు పంటలు తెల్లమచ్చ జబ్బుకి పోయాయి ఆమెకి. భర్త గుంటని వదిలేసి చెన్నైలో పనికి వెళ్ళిపోయాడు. ఈమె వదల్లేదు, ఒంటరిగా ఆ కౌలు గుంటనే పట్టుకుని ఉంది. ఈ పంట చేతికి రాకపోతే యజమాని గుంట తీసేసుకుంటానన్నాడు. పాత ఏరేటర్లు ఆరూ మూలపడి ఉంటే నేనే వెళ్ళి కొలతలు తీసుకుని గేర్లు వేసి ఇచ్చాను, ఈ నెల మొదట్లో. ఆరింటికీ.

ప్రార్థనలో ఆమె పేరు కూడా చెప్పాను.

అక్టోబర్ 29, బుధవారం

ఇంకోటి వచ్చింది. ఇది వాకాడు వైపు రైతుది. ఆయిల్ నిండుగా ఉందట. వోల్టేజీ ఎక్కువొచ్చి ఉంటుంది.

షాపులో నాకు సాయంగా ఉండే మస్తానమ్మ ఆ ముక్క చేతిలో తిప్పి చూసి, "ఇది మొన్న చిటపటలాడిన తీగతో చేసింది కాదా మేడం?" అంది. మిషన్లు పనిచేసేటప్పుడు అప్పుడప్పుడూ శబ్దం వస్తుంది. అన్నిటికీ అర్థాలు తియ్యకూడదు. ఆ మాటే కాస్త గట్టిగా అన్నాను. ముక్కని నా ముందు పెట్టి మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అక్టోబర్ 30

ఆ తీగ చుట్టల సంగతి రాయాలి.

నైలాన్ తీగ గాలిలో తేమని తాగేస్తుంది. సముద్రం ఇంత దగ్గర, మరీ తాగుతుంది. అందుకే వాడేముందు ఆరబెట్టే పెట్టెలో పెట్టి గంటల తరబడి వేడి చెయ్యాలి. నా పెట్టెలో ఒక్క చుట్టే పడుతుంది. ఈ నెల మొదట్లో ఆర్డర్లు ముంచుకొచ్చాయి. మస్తానమ్మ చుట్టలన్నిటినీ మేడ మీద చాప వేసి వడియాలు ఆరబెట్టినట్టు ఎండలో పెట్టింది. రోజంతా మంచి ఎండ. వేళ్ళతో పట్టుకుంటే కాలింది.

ఎండ చాలు. మా అమ్మ చేపలు ఎండబెట్టేది, ఏడాదంతా నిలవుండేవి.

నవంబర్ 3, సోమవారం

వారం చివర్లో వాయుగుండం అంటున్నారు. మధు పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నాడు. మబ్బు పడితే నీళ్ళలో ఊపిరి తగ్గుతుంది, పగలూ రాత్రీ ఏరేటర్లు ఆపకూడదు. రైతులందరూ మేత తగ్గిస్తారు, ఈయనకి అమ్మకాలు పోతాయి. "నీకే మంచి కాలం, గేర్లు బాగా అరిగిపోతాయి" అని నన్ను ఏడిపించాడు.

నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నవంబర్ 6, గురువారం

ఈరోజు షాపు మూశాక ఎండలో పెట్టిన ఆ తీగతో చేసిన గేర్లలో మిగిలినవి రెండు తీశాను. ఊరికే, చూద్దామని. ఒకదాన్ని బల్లకి బిగించి పటకారుతో ఒక పన్ను వంచాను.

మంచి నైలాన్ వంగుతుంది, తెల్లబడుతుంది, అంత తొందరగా విరగదు. ఇది బిస్కెట్‌లా పొరకి పొర విడిపోయింది. విరిగిన చోట సన్నని బుడగలు. తీగలో ఉన్న తేమ లోపలే ఆవిరై పోవడం వల్ల వచ్చే బుడగలు అవి. ఫ్యాక్టరీలో ఇలాంటి ముక్క కనిపిస్తే ఆ పూట చేసిన సరుకంతా పక్కకి తోసేసేవాళ్ళం. నేనే తోయించేదాన్ని, సూపర్‌వైజర్ని కదా.

రెండోదీ అంతే.

ఆ చుట్టలతో చేసినవి ఎవరెవరికి వెళ్ళాయో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. ఫ్యాక్టరీలో ప్రతి ముక్క మీదా అది ఎప్పుడు చేసిందో గుర్తు పడేది. ఇక్కడ నేను గుర్తులేవీ వెయ్యలేదు. అందరూ తెలిసినవాళ్ళే, గుర్తులెందుకు అనుకున్నాను. జయరామయ్య గారికి కొన్ని, వాకాడుకి కొన్ని. వాళ్ళకి ఒక్కొక్క గుంటలో పది పన్నెండు ఏరేటర్లు, అందులో నావి ఒకటో రెండో. ఒకటి ఆగినా గుంట నిలబడుతుంది.

పెంచలమ్మక్కకి ఆరుకి ఆరూ అవే.

ఇంకో మాట. మస్తానమ్మ పెట్టింది అని మొన్న రాశాను. నేను పెట్టమంటేనే పెట్టింది.

నవంబర్ 7, శుక్రవారం

పని ఎక్కువగా ఉంది. పెట్టెలో బాగా ఆరబెట్టిన తీగతో ఆరు గేర్లు వేయించాను.

నవంబర్ 8, శనివారం

మధుకి చెప్పాను. టీవీ ఆపేశాడు. తర్వాత మెల్లిగా, "ఇప్పుడు నువ్వు పోయి మా సరుకు పనికిరాదు అంటే, ఒక్క పెంచలమ్మ కాదు, కోట మొత్తం పొద్దుకల్లా పాకిపోతుంది. ఇంకెవరూ నీ గడప తొక్కరు. నా మేత కూడా కొనరు" అన్నాడు. "మరేం చెయ్యమంటారు?" అన్నాను. "ఊరికే మార్చెయ్. కారణం ఎందుకు చెప్పడం? కొత్త మోడల్ వచ్చింది, ఉచితంగా వేస్తున్నాం అను."

ఆ మాటకి నాకు ఎంత ఊరట కలిగిందో. నేనూ అదే అనుకుంటున్నాను మరి.

ఆరు గేర్లూ సంచిలో వేసుకుని స్కూటీ మీద వెళ్ళాను. ఎండగానే ఉంది కానీ తూర్పున మబ్బు లేస్తోంది. పెంచలమ్మక్క గుంట చుట్టూ వల కట్టి, దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు దగ్గర సున్నం, బ్లీచింగ్ నీళ్ళ తొట్టి. ఆమె అవతల గట్టు మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే ఉండమ్మే! లోపలికి రావద్దు. ఎన్ని గుంటలు తిరిగి వచ్చినావో నువ్వు. రెండుసార్లు ఇట్టానే యాడిదో కాలు పడి నా కొంప మునిగినాది."

ఇక్కడ అందరూ అంతే. పట్టుబడి దగ్గరపడితే సొంత అన్నదమ్ముల్ని కూడా గట్టు ఎక్కనివ్వరు. ఆమెకైతే రెండు పంటల భయం.

"అక్కా, కొత్త రకం గేర్లు వచ్చాయి. ఊరికే మార్చిస్తాను. ఒక గంట పని" అన్నాను.

"బాగా తిరిగేదాన్ని ఎందుకు కెలకడం? పట్టుబడి కానీ, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో."

"కాళ్ళు కడుక్కుని వస్తానక్కా. మబ్బు పడుతోంది కదా, మంచిది…"

"ఏం, వాటికేమైనా అయిందా?" అంది.

నేరుగా అడిగింది. ఏరేటర్ల చప్పుడులో గట్టిగా అరిచి అడిగింది. ఇద్దరి మధ్యా ఒక తాడు, అంతే.

"ఏం కాలేదక్కా. ఊరికే" అన్నాను.

"అయితే పోయిరా తల్లీ. పట్టుబడి రోజు పిలుస్తా, రొయ్యలు పట్టుకపోదువు" అని నవ్వింది.

సంచి తీసుకుని వచ్చేశాను. నేను వెళ్ళాను కదా. మారుస్తానన్నాను కదా. ఆమే వద్దంది.

నవంబర్ 9, ఆదివారం

తలనొప్పి. గుడికి వెళ్ళలేదు.

నవంబర్ 10, సోమవారం

వాన మొదలైంది. ఆకాశం పొద్దున కూడా సాయంత్రంలా ఉంది. పెంచలమ్మక్కకి ఫోన్ చేశాను, ఊరికే. "అన్నీ తిరగతా ఉండాయమ్మే, ఆపితే ఒట్టు" అంది. ఆపకూడదు కదా మరి. ఆపకపోతే గేర్ల మీద బరువు పడుతూనే ఉంటుంది.

ఆరు నెలలైనా విరగనివి కూడా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉండవు. చుట్ట పైన ఉన్న తీగ ఎక్కువ తేమ తాగుతుంది, లోపలిది తక్కువ. ఆమెవి లోపలి తీగతో చేసినవై ఉండొచ్చు.

మధు రెండుసార్లు అడిగాడు, "ఫోన్ వచ్చిందా" అని. ఎవరి ఫోనో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబర్ 12, బుధవారం

నిన్నటిది రాయాలి.

నిన్న పొద్దున పది గంటల ప్రాంతంలో ఫోన్. ఆమె మాటలు సరిగా వినపడలేదు, వాన. "మోటార్లు తిరగతా ఉండాయి ఏంజెలీ, రెక్కలు తిరగడం లేదు. మూడు ఆగిపోయినాయి" అంది. మామూలుగా ఏంజెలమ్మా అంటుంది. ఏంజెలీ అనడం అదే మొదటిసారి.

గేరు పళ్ళు ఊడితే అంతే. మోటారు గర్రుమంటూనే ఉంటుంది. కరెంటు బోర్డు మీద లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. షెడ్డులో కూర్చుని వినేవాళ్ళకి అన్నీ బాగున్నట్టే ఉంటుంది. అవి ఎప్పుడు ఆగాయో ఆమెకి తెలియదు. చూసేసరికే రొయ్యలు పైకి వచ్చేశాయి.

మస్తానమ్మనీ, సంచినీ ఎక్కించుకుని వెళ్ళాను. తాడు తెగి నేల మీద పడి ఉంది. ఈసారి ఎవరూ ఆగమనలేదు.

నేనెప్పుడూ అలాంటిది చూడలేదు. నీళ్ళ అంచునంతా రొయ్యలు. గట్టుకి ఆనుకుని మీసాలు పైకి పెట్టి, ఒకదాని మీద ఒకటి. ఇంకా తిరుగుతున్న ఏరేటర్ల చుట్టూ నీళ్ళు కనపడనంతగా గుమిగూడి ఉన్నాయి. పెంచలమ్మక్క మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులతో నీళ్ళు ఎగజిమ్ముతోంది. ఆ చేతులతో ఎంత గాలి పోతుంది? అయినా జిమ్ముతూనే ఉంది. ఆక్సిజన్ గుళికలు ఉన్నవన్నీ అప్పటికే చల్లేసింది.

నేనూ మస్తానమ్మా ఒక ఏరేటర్ని గట్టుకి లాగి గేరు మార్చడం మొదలుపెట్టాం. వానకి మరలు జారిపోతున్నాయి. అది బిగిస్తూ ఉండగానే నాలుగోది ఆగింది. నా కళ్ళ ముందే రెక్కలు మెల్లిగా తగ్గి నిలబడిపోయాయి, మోటారు మాత్రం అలాగే గర్రుమంటోంది. ప్రభువా, ఆ శబ్దం.

"ఇంక మార్చడం చాలు" అంది మస్తానమ్మ. "వల వెయ్యండి అక్కా. బతికినయ్యైనా పట్టండి."

మధు ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తెచ్చాడు. ఐస్ బండి తెచ్చాడు. వల లాగారు, నేనూ లాగాను. బతికి ఉన్నవి కొంత వచ్చాయి. అడుగున చచ్చినవి కాళ్ళకి మెత్తగా తగిలాయి. మూడు వంతుల్లో రెండు వంతులు అడుగునే ఉండిపోయాయి.

వాన తగ్గాక ఆమె గట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. విరిగిన గేరు ఒకటి చేతిలో పెట్టుకుని చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. చెప్పాను. ఇది నా తప్పక్కా, తీగ తడిది, సరిగా ఆరబెట్టకుండా చేశాను, ఈ ఆరూ అలాంటివే, ఇంకా వేరేవాళ్ళ గుంటల్లో కూడా ఉన్నాయి అని చెప్పాను. ఏడ్చాను కూడా.

గేరు మీద నుంచి కళ్ళు తియ్యకుండా అడిగింది, "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇందాకేనక్కా. విరిగింది చూశాక" అన్నాను.

నవంబర్ 13, గురువారం

పొద్దున్నుంచి ఫోన్లు. నా గేర్లు తీసుకున్న ప్రతి ఒక్కరికీ నేనే చేశాను. అక్టోబర్‌లో ఇచ్చినవన్నీ తీసేయండి, కొత్తవి ఊరికే ఇస్తాను అని. కొందరు తిట్టారు. ఒకాయన మా అమ్మని కూడా తిట్టాడు. విన్నాను. తిట్లు తింటుంటే ఏదో తేలిగ్గా అనిపించింది.

ఇంకో ఆరబెట్టే పెట్టె కొనాలి. ప్రతి గేరు మీదా గుర్తు వెయ్యాలి. మస్తానమ్మకి చెప్పాను. "సరే మేడం" అంది. నేను ముందే అడిగాను కదా అనొచ్చు, అనలేదు.

నవంబర్ 20, గురువారం

జయరామయ్య గారు స్వయంగా వచ్చారు. ఆయన షాపుకి రావడం ఇదే మొదలు. కుర్చీ తుడిచి వేశాను. తిడతారనుకున్నాను.

"అమ్మాయ్, పెంచలమ్మ కనపడి చెప్పినాది" అన్నారు. "తప్పు తెలిసిన గడియలోనే గట్టు మీద కూర్చుని చెప్పేసినావంట. వెంటనే అందరికీ ఫోన్లు చేసినావంట. నలభై ఏళ్ళుగా సామాన్లు కొంటా ఉండాను, అమ్మినోడు వచ్చి నాది పనికిరాదు అన్నది నేను వినలా. చెన్నై కంపెనీ వాడైతే నీ ఆయిల్ బాలేదు, నీ వోల్టేజీ బాలేదు అంటాడు."

నేను నీళ్ళ గ్లాసు అందించాను.

ఆయన గుంటలన్నిటికీ గేర్లు నన్నే వెయ్యమన్నారు. గేర్లే కాదు, బేరింగు బుష్‌లు, రెక్కలు కూడా. ఇందుకూరుపేటలో ఆయన వియ్యంకుడికి కూడా నా నంబరు ఇచ్చారట, అక్కడి నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆర్డర్లు ఇంతకుముందు కంటే ఎక్కువ. మధు రాత్రి అన్నం తింటూ, "చూశావా, దేవుడు ఒక తలుపు మూస్తే…" అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు.

అయిదో మిషన్ కొనాల్సి వస్తుంది.

నవంబర్ 23, ఆదివారం

గుడిలో సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అడిగారు. నిజాయితీ గురించి. గొంతు బాగాలేదని చెప్పాను.

నవంబర్ 27, గురువారం

పెంచలమ్మక్కకి నష్టం కట్టిస్తానని మధు చేత కబురు పంపాను. గుంటని యజమాని ముందే తీసేసుకున్నాడు, వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. డబ్బు తీసుకుంది కానీ, "దీంతో గుంట రాదు కదయ్యా" అందట.

డిసెంబర్ 1, సోమవారం

పెంచలమ్మక్క షాపుకి వచ్చింది. ఆ రోజు తర్వాత మొదటిసారి చూడటం. చిక్కిపోయింది. మిషన్లు తిరుగుతుంటే గుమ్మంలో నిలబడి వాటినే చూసింది. లోపలికి రా అక్కా అంటే చెప్పులు బయట విడిచి వచ్చింది. ఇక్కడ చెప్పులు విడవక్కర్లేదు.

"నీ కాడ పని ఏమైనా ఉందా ఏంజెలమ్మా?" అంది. "కూలికి వేరే గుంటల మీదికి పోమంటే నాకు కాళ్ళు రావడం లేదు. ఈడైతే నేర్చుకుంటా. నిజం చెప్పే మనిషి కాడ చెయ్యాలని ఉండాది."

మస్తానమ్మ వెనక్కి తిరిగి డబ్బాలు సర్దుకుంటోంది. సర్దడానికి అక్కడేమీ లేదు.

కుర్చీ వేశాను. టీ తెప్పించాను. ఆమె టీ తాగుతూ నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"ఒకటే మాట నన్ను తినేస్తా ఉంది. ఆ శనివారం నువ్వు ఊరికే మార్చిస్తానని సంచి తెచ్చుకుని మరీ వచ్చినావు. నీకేం తెలుసు పాపం, మంచికే వచ్చినావు. దేవుడే పంపించినాడు నిన్ను. నేనేమో తాడు కట్టి తిప్పి పంపించినా. ఆ పొద్దు నిన్ను గట్టెక్కనిచ్చి ఉంటే నా రొయ్య బతికేది. మా ఆయన ఫోన్ చేసి తిట్టినాడు, నీ మూర్ఖత్వమే ముంచింది అని. నిజమే కదా. అంతా నేనే చేసుకున్నా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మిషన్లు తిరుగుతున్నాయి. నా నోటి దాకా వచ్చింది. అంతకుముందు గురువారమే నాకు తెలిసింది అన్న ఒక్క మాట చాలు, ఆమె ఆ తాడుని మనసులోంచి తెంపేసుకునేది. వాళ్ళాయనకి ఫోన్ చేసి నా తప్పు కాదు అని చెప్పుకునేది.

"నీ తప్పేం లేదక్కా" అన్నాను.

నిజమే అది. అంతవరకే అన్నాను. నా చెయ్యి పట్టుకుని, "నీ మనసు మంచిదమ్మే, అందుకే అట్టా అంటా ఉండావు" అంది.

రేపు తొమ్మిదింటికి రమ్మన్నాను.